కృష్ణా దిగువ డెల్టాలో స్త్రీలపై హింస

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో స్త్రీలపై హింసకు చరిత్రలో చాలా రూపాలున్నాయి: సహగమనం, బాల్యవివాహం, గుళ్లకు ఆడపిల్లల్ని అంకితమివ్వడం, కట్నపు వేధింపులు, తాగొచ్చి కొట్టడం. ప్రపంచంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. ఈ డెల్టా దానికి మినహాయింపేమీ కాదు. అయితే ఇక్కడ చాలా రూపాల్ని తరచి చూస్తే అడుగున భూమి లెక్క ఒకటి కనిపిస్తుంది. భూమి ఎవరి పేర ఉంది, ఎవరి చేతి మీదుగా ఎవరికి పోతోంది అన్నది తెలియకుండా ఈ చరిత్ర అర్థం కాదు.

సహగమనం, పేరంటాళ్లు

1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకుల పెద్దగా ఉన్న విలియం మెథోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. మారుమనువు లేని వితంతువుల బతుకు గురించి, సహగమనం గురించి అందులో ఉంది. మద్రాసు ప్రభుత్వం సహగమనాన్ని 1830లో నిషేధించింది.

అలా పోయిన స్త్రీలు కొందరు ఊళ్లలో పూజలందుకునే పేరంటాళ్లయ్యారు. ఉమ్మడి కృష్ణా జిల్లాలో అందరికీ తెలిసిన కథ పెనుగంచిప్రోలు తిరుపతమ్మది. అత్తింట ఆరళ్లు పడింది, భర్త గోపయ్య పోయాడు, ఆమె అగ్నిలో ప్రవేశించింది. డెల్టా పల్లెల నుంచి జనం ఏటా తిరునాళ్లకు వెళ్లి మొక్కులు చెల్లిస్తారు. కోడలి బాధ ఊరికి తెలియనిది కాదని ఆ కథే చెబుతోంది. చీర, పసుపు, కుంకుమ మాత్రం ఆమెకు పోయిన తరవాతే అందాయి.

కళావంతులు

గుళ్లలో నృత్యసేవ చేసే కళావంతుల కుటుంబాలకు మాన్యాలుండేవి. సేవ చేసినన్నాళ్లే మాన్యం కాబట్టి ఇంట్లో ఒక ఆడపిల్లను గుడికి అంకితమివ్వడం ఆస్తిని నిలుపుకునే మార్గమైంది. ఆ పిల్ల ఇష్టం ఎవరికీ పట్టలేదు. ఇంకో సంగతి: ఇదే డెల్టాలో పుట్టిన కూచిపూడి భాగవతంలో ఇరవయ్యో శతాబ్దం దాకా ఆడవేషాలూ మగవాళ్లే కట్టారు. ఆడిన స్త్రీకి మర్యాద లేదు, మర్యాద గల వేదిక మీద స్త్రీకి చోటు లేదు.

మచిలీపట్నంలో 1862లో పుట్టి, అక్కడి నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు కళావంతులు ఆడే భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. పెద్దల శుభకార్యాల్లో మేళాలు తగ్గడానికి అది కారణమైంది. కానీ ఆ ఉద్యమానికి మగవాళ్ల శీలం మీద ఉన్న బెంగ ఆ స్త్రీలకు జరిగిన అన్యాయం మీద లేదనే చెప్పాలి. కళావంతుల ఇంట పుట్టిన యామినీ పూర్ణతిలకం రంగంలోకి వచ్చాక వాళ్ల వైపు నుంచి గొంతు వినబడింది. మద్రాసు శాసనమండలి సభ్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో దేవాదాయ చట్టానికి 1929లో వచ్చిన సవరణ మాన్యాన్ని సేవ నుంచి విడదీసింది. అంకితమివ్వడాన్ని 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం నేరంగా ప్రకటించాయి. షెడ్యూల్డ్ కులాల, తెగల స్త్రీలను జోగినులుగానో దేవదాసీలుగానో మార్చడం 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టం కిందికీ వచ్చింది.

కట్నం, పసుపు కుంకుమ

1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల నీళ్లతో మెట్ట మాగాణి అయింది, ఎకరం విలువ పెరిగింది. మగపెళ్లివారే ఆడపిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకునే ఆచారం అంతకుముందు చాలా కులాల్లో ఉండేది. పొలం, తరవాత ఇంగ్లీషు చదువు, ఆ తరవాత ఉద్యోగం వరుసగా వరుడి ధర పెంచాయి. సంపన్న రైతు కుటుంబాల్లో కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వడం ఆనవాయితీ అయింది. ఆ పొలం ఆమెకు అండ కావాల్సింది. దస్తావేజు ఆమె పేర ఉన్నా సాగు, కౌలు, అమ్మకం భర్త చేతిలోనో మామ చేతిలోనో ఉండే ఇళ్లలో అదే కొత్త వేధింపులకు దారి తీసింది: అమ్మి తెమ్మనో, ఇంకో ఎకరం అడగమనో. ఆడపడుచు లాంఛనాలు వీటికి అదనం. కోడలు కాలి చనిపోతే స్టవ్ పేలిందని చెప్పడం, పురుగుమందు తాగితే కడుపునొప్పి భరించలేక తాగిందని రాయించడం ఒక తరం పాటు పత్రికల్లో అరిగిపోయిన వాక్యాలు.

దేశమంతటికీ వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకు మూడేళ్ల ముందే, 1958లో, సొంత చట్టం చేసుకుంది. ఊళ్లో పెద్దమనుషుల పంచాయతీలు మాత్రం సర్దుకుపొమ్మనే తీర్పు చెబుతూ వచ్చాయి. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని 1983లో 498ఎ సెక్షనూ, కట్నపు చావులను 1986లో 304బి సెక్షనూ శిక్షార్హం చేశాయి. ఇప్పుడవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లు.

ప్రతిఘటన

పెనుగంచిప్రోలులోనే 1874లో పుట్టిన భండారు అచ్చమాంబకు పదేళ్లకే పెళ్లి చేశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఆమె చదువుకున్నారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో స్త్రీలు తమకోసం పెట్టుకున్న తొలి సంఘంగా దాన్ని చెబుతారు. హింసను ఎదిరించడానికి ముందు ఇల్లు దాటి నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూచోవడమే కష్టమైన రోజులవి. అచ్చమాంబ 1905లో, ముప్పై ఏళ్ల వయసులో కన్నుమూశారు. తరవాతి తరంలో గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం 1940లో ముదునూరులో మొదలై తరవాత విజయవాడకు మారింది. గోరా కుటుంబం నుంచే వాసవ్య మహిళా మండలి వచ్చి, బాధిత స్త్రీలకు ఆసరాగా పనిచేస్తోంది.

ఆస్తి హక్కు

గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి శాసనసభకు గెలిచిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. దేశం ఆ పని చేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆస్తికీ దెబ్బలకూ సంబంధమేమిటన్నది కేరళలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం లెక్కగట్టింది. పొలమూ ఇల్లూ రెండూ లేని భార్యల్లో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్లే. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. చట్టం ముందుగా వచ్చిన ఆంధ్రలో ఆ రక్షణ అంతగా కనిపించదు. కట్నం ఇచ్చాం కదా అని అన్నదమ్ములు ఆడపడుచుల చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకోవడం మామూలైపోయింది. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందన్న భయం చట్టం కన్నా బలమైనది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని వివాహిత స్త్రీలలో దాదాపు 30 శాతం భర్త హింసను అనుభవించామన్నారు. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు దాదాపు 84 శాతం. కొట్టించుకున్నామని చెప్పినవాళ్లు తక్కువగా కనిపించడానికి ఈ రెండో అంకె కొంత కారణం కావచ్చు.

2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఆస్తి లేని భార్యకు కనీసం ఉండే ఇంట్లో నివాస హక్కు ఇచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో తీర్పు చెప్పింది. కోడలు రక్షణాధికారికి గానీ నేరుగా మేజిస్ట్రేటుకు గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 181 నంబరుకు ఫోన్ చేసినా సాయం అందుతుంది.