దేశభక్తి: దేశమునకొక తీరు



గోల్నాకలో బయలుదేరి, అంబరుపేట మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము చొచ్చి, ఆవలి కొసను తార్నాక చేరువాడు రెండు నాకాలను దాటినట్లే. కాని ఆ నాకాలు నేడు పేరులందు మాత్రమే నిలిచియున్నవి. అడ్డుకఱ్ఱ లేదు, ఆపి యడుగువాడును లేడు. నాకా యనగా రాకపోకలను నిలిపి తనిఖీచేయు తావు. నిజాము నాటి హైదరాబాదు రాజ్యమున ఆ మాటకు చాలినంత పని యుండెను. ఆ రాజ్యమునకు హాలీ సిక్కా యను తన నాణెము, తన తపాలా, తన రైలు, సరిహద్దున సుంకము పుచ్చుకొను కరోడ్‌గిరీ శాఖయు నుండెను. బెజవాడ తెలుగువాడును, నల్లగొండ తెలుగువాడును ఒకే పలుకు పలికినను, హైదరాబాదులో ఉద్యోగమడుగబోయినపుడు రెండవవాడు ముల్కీ, మొదటివాడు గైర్ ముల్కీ. ముల్కు అనగా దేశమే గదా! 1919 నాటి నిబంధన ప్రకారము 15 ఏండ్లు నివసించినగాని పైనుండి వచ్చినవాడు ముల్కీ యనిపించుకొనజాలడు.

అట్టిచోట ‘దేశమును ప్రేమింపుము’ అని బాలునకు బోధించినచో ‘ఏ దేశమును?’ అని వాడు తిరిగి యడుగును. ఆ ప్రశ్న 1938 చివర ఈ విశ్వవిద్యాలయపు వసతిగృహములలోనే, ఒక పాట రూపమున, లేచినది. నేటి నా ప్రసంగమునకు అదియే మూలము. దేశభక్తి యన్నిచోట్ల ఒకటే యనియు, కొందరియందెక్కువ, కొందరియందు తక్కువ యనియు మనము తలచుచుందుము. నాకు తోచినంతలో భేదము ఎక్కువ తక్కువలలో లేదు. భక్తి దేనిమీద నుంచవలెను, దానిని చూపుమని నిర్బంధించు హక్కు ఎవరికి గలదు అను రెండు విషయములలోనే దేశదేశమునకు తీరు మారుచున్నది.

మొదట ఉస్మానియా పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. ఈ విద్యాలయమే యొక విధమగు దేశాభిమానమున పుట్టినది. 1917 లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దీనిని మంజూరుచేసెను. 1918 లో స్థాపనయై, 1919 లో తరగతులు మొదలయ్యెను. ఉన్నతవిద్య ఆంగ్లములోనే సాగవలెనని భారతదేశమంతయు నమ్మియున్న దినములవి. గణితమును, వైద్యమును, న్యాయశాస్త్రమును ఉర్దూలో బోధింతుమని పూనుకొని, పుస్తకముల అనువాదమునకై ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పుట చిన్న సాహసము కాదు. అయితే ఆ స్వాభిమానములో ఒక లోటు గలదు. రాజ్యమున హెచ్చుమంది మాటలాడునది తెలుగు. తరువాత మరాఠీ, కన్నడములు. ఆంగ్లమును త్రోసి తెచ్చిన ‘మన భాష’ వారి యిండ్లలో భాష కాదు. రాజ్యగీతమో, ఉస్మాను ప్రభువును చల్లగా చూడుమని, ఆయన రాజ్యమును కలకాలము నిలుపుమని భగవంతుని వేడుకొను ప్రార్థన. అందు దేశమనిన ప్రభువే. ఇది వింతయేమియు కాదు. ఇంగ్లండు జాతీయగీతమును నేటికిని రాజు క్షేమమును కోరు ప్రార్థనయే.

1938 సంవత్సరము ఆ రాజ్యమున ఉద్రిక్తమైన కాలము. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే సెప్టెంబరులో నిషేధించిరి. అక్టోబరులో సత్యాగ్రహము మొదలయ్యెను. ఆర్యసమాజమువారి సత్యాగ్రహమును జతకూడెను. ఆ వేడిలో వసతిగృహపు విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరము పాడసాగిరి. అధికారులు కూడదనిరి. అది వివాదగ్రస్తమగు రాజకీయగీతమని వారి వాదము. విద్యార్థులు మానలేదు. వసతిగృహములనుండి, పిమ్మట తరగతులనుండి వారిని వెడలగొట్టిరి. నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాల మహాభవనము అప్పటికింకను కట్టుబడిలోనే యున్నది. దాని ప్రారంభోత్సవము 1939 డిసెంబరు 4 న జరిగినది. అనగా, ఆ గులాబివన్నె రాతిమెట్ల మీద విద్యార్థిగా కూర్చుండు భాగ్యము ఆ వెడలినవారిలో పలువురకు దక్కలేదు.

సమ్మె ఉస్మానియాతో ఆగలేదు. వరంగల్లు, ఔరంగాబాదు, గుల్బర్గా కళాశాలలకును ప్రాకినది. వందలకొలది విద్యార్థులు చదువు పోగొట్టుకొనిరి. ఇందు తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు మువ్వురును గలరు. వారు కోరిన దేశము భాషచే గీచినది కాదనుటకు ఇది చాలును. పరదేశమనదగిన నాగపురము వారిని చేర్చుకొన్నది. అచ్చటి విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు కేదారుగారు తలుపు తెరచిరి. ఉర్దూలో చదివినవారు ఆంగ్లములో మరల మొదలిడవలసివచ్చినది. చేతిలో పైకము లేనివారే పెక్కుమంది. అట్లు పోయినవారిలో వరంగల్లు కళాశాలనుండి వెడలినవాడు పి.వి. నరసింహారావు అను బాలుడు. 1991 లో భారత ప్రధానమంత్రి యయ్యెను.

ఈ కథను మనవారు చెప్పునపుడు ఒక సంగతి తరచు విడిచిపెట్టుదురు. ఆ పాట కొందరు సహవిద్యార్థులకు కష్టము కలిగించెననుట అధికారుల కల్పన మాత్రమే కాదు. దేశమును దేవతగా స్తుతించు చరణములు ముస్లిములకు అభ్యంతరకరములని దేశమంతట చర్చ జరిగి, 1937 అక్టోబరులో కాంగ్రెసు కార్యవర్గమే మొదటి రెండు చరణములను మాత్రము సభలలో పాడవలెనని నిర్ణయించియుండెను. ఈ శంకను పెద్దలు గౌరవించిరి. దానికొక త్రోవ వెదకిరి. ఉస్మానియాలో త్రోవ వెదకువారు లేకపోయిరి. ఒకని మనసు నొచ్చునేమో యని వేఱొకని చదువే తీసివేయుట న్యాయము కాదని నా యభిప్రాయము.

విద్యాలయపు గోడలలోనే దేశభక్తి పరీక్షకు వచ్చిన సంఘటనలు ఇతర దేశములందును గలవు. వానిని ప్రక్కన నిలిపి చూచినగాని మన కథ కొలత తెలియదు.

జపానులో 1890 అక్టోబరు 30 న విద్యనుగూర్చి చక్రవర్తి ఒక శాసనము వెలువరించెను. మరుసటి యేట జనవరి 9 న టోక్యోలోని మొదటి ఉన్నత పాఠశాలలో, చక్రవర్తి చేవ్రాలుగల ఆ పత్రమునెదుట ఉపాధ్యాయులొక్కరొక్కరే వచ్చి వంగి నమస్కరింపవలెనని ఏర్పాటుచేసిరి. ఉచిమురా కాంజో యను క్రైస్తవోపాధ్యాయుడు తల వంచకపోలేదు. వంచవలసినంత లోతుగా వంచలేదు. అంతే! దేశద్రోహియని ఊరంతయు గగ్గోలు. ఆయన ఉద్యోగము పోయినది. విచిత్రమేమనగా, తనకు ప్రియమైనవి రెండే, యేసు, జపాను, అని జీవితమంతయు చెప్పుకొన్నవాడాయన. దేశభక్తిని తల వంపు లోతుతో కొలిచిన యెడల నిజమైన భక్తుడే మొదట తప్పిపోవచ్చును.

ఇంగ్లండు తీరు వేఱు. 1933 ఫిబ్రవరి 9 న ఆక్సుఫర్డు విద్యార్థులు తమ చర్చాసభలో, రాజుకొఱకును దేశముకొఱకును ఎట్టి పరిస్థితులలోను యుద్ధము చేయబోమను తీర్మానమును 153 మందికి మాఱుగా 275 మంది మద్దతుతో నెగ్గించిరి. హిట్లరు జర్మనీలో అధికారమునకు వచ్చి పదిదినములే యైనది. పత్రికలు మండిపడినవి. పిరికితనమునకు గుర్తుగా తెల్లయీకలు పంపినవారును గలరు. ఆ తీర్మానమును పుస్తకమునుండి కొట్టివేయింపవలెనని చర్చిలు కుమారుడు రాండాల్ఫు మరుసటి నెలలో ప్రయత్నించి చిత్తుగా ఓడిపోయెను. ఆ యోటు వేసినందులకు విద్యాలయమెవ్వరిని వెడలగొట్టలేదు. 1939 లో యుద్ధము రాగా ఆ తరమువారే పెక్కుమంది సేనలో చేరిరి. అదే యింగ్లండు తన యేలుబడిలోని భారతదేశమున పాటకును జెండాకును జైలు చూపుచుండెననుటయు మఱువరాదు. ఇంట నొక నీతి, పొరుగింట నొక నీతి.

అమెరికాలో రాజు లేడు. అచట జెండాయే రాజు. 1892 నుండి బడిపిల్లలు జెండా నెదుట ప్రమాణము చేయు ఆచారము గలదు. యెహోవాసాక్షులను మతశాఖ పిల్లలు, దేవునికి తప్ప దేనికిని మ్రొక్కమని నిరాకరించి బడినుండి వెళ్లగొట్టబడిరి. 1940 లో సుప్రీముకోర్టు, ఎనమండ్రొక వైపు, ఒక్కడొక వైపు చేరి, వెళ్లగొట్టుట సబబే యన్నది. ఆ తీర్పు పిమ్మట ఆ శాఖవారిపై పలుచోట్ల మూకలు దాడిచేసినవి. మూడేండ్లకే, 1943 జూన్ 14 న, అదే కోర్టు తన మాటను తానే త్రిప్పుకొన్నది. భక్తిని నిర్బంధించి పలికించు నధికారము ప్రభుత్వమునకు లేదన్నది. జూన్ 14 వారి జెండా పండుగ దినము. అప్పుడు దేశము మహాయుద్ధములో మునిగియున్నది. శాంతికాలమున ఉదారముగా నుండుట సులభము. యుద్ధమునడుమ ఆ మాట పలికిన న్యాయమూర్తులు నాకు గొప్పవారుగా తోచుదురు.

జర్మనీ సంగతి క్లుప్తముగా చెప్పి ముగింతును. భాషయు రక్తమును ఒకటియైనవారే ఒక జాతియను భావమును వారు పెంచిరి. కలిసియుండవలెనను సంకల్పమే జాతియని ఫ్రెంచివారు, అల్సాసును పోగొట్టుకొనిన పిదప, వాదించిరి. జర్మనుల కొలత చొప్పున బెజవాడ, నల్లగొండలు ఒక దేశము. నిజాము కొలత చొప్పున నల్లగొండ, ఔరంగాబాదులు ఒక దేశము. 1938 నాటి విద్యార్థులు ఈ రెంటిని కాదని ఫ్రెంచివారి కొలతను, ఆ పేరు తెలియకయే, పట్టుకొనిరి. 1945 పిదప జర్మనులు జెండా నెత్తుటకే పెక్కేండ్లు సంకోచించిరి. 2006 లో తమ దేశమున ప్రపంచ ఫుట్‌బాలు పోటీలు జరిగినపుడు సామాన్యులు వీథులలో జెండాలు పట్టుకొనుట లోకమునకొక వార్తయైనది.

ఇక మన యింటికి వత్తము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసినది. 1950 జనవరి 24 న రాజ్యాంగసభలో రాజేంద్రప్రసాదుగారు, జనగణమన జాతీయగీతమనియు, వందేమాతరమునకు దానితో సమానగౌరవమనియు ప్రకటించిరి. పదకొండేండ్ల క్రిందట పాడినవారిని వెడలగొట్టిన పాటయే గౌరవగీతమైనది. అంతటితో చిక్కు తీరినదా? తీరలేదు, తలక్రిందులైనది. 1985 లో కేరళమున యెహోవాసాక్షుల పిల్లలు మువ్వురు, జాతీయగీతమునకు లేచి నిలిచిరిగాని పాడలేదని బడినుండి వెళ్లగొట్టబడిరి. ఉస్మానియాలో పాడినందులకు శిక్ష; ఇచట పాడనందులకు శిక్ష. 1986 ఆగస్టు 11 న సుప్రీముకోర్టు ఆ పిల్లలను మరల చేర్చుకొమ్మని యాజ్ఞాపించెను. మర్యాదగా నిలిచినవారు గీతమునవమానింపలేదనియు, మౌనమును వారి హక్కేయనియు తీర్పు. దానిని వ్రాసినవారు ఓ. చిన్నప్పరెడ్డిగారు, హైదరాబాదులోని మన హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీకి వెళ్లిన తెలుగువారు. అమెరికా 1943 నాటి తీర్పును వారు తమ తీర్పులో చర్చించిరి. చలనచిత్రశాలలలో జాతీయగీతము తప్పక వేయవలెనని 2016 నవంబరులో అదే కోర్టు ఆజ్ఞాపించి, 2018 జనవరిలో ఆ నిర్బంధమును సడలించెను. ఊగిసలాట మనకును తప్పలేదన్నమాట.

తార్నాక బడులలో నేడుదయమున పిల్లలు చేయు ప్రతిజ్ఞనుగూర్చి చెప్పి విరమింతును. దానిని 1962 లో వ్రాసినవారు పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు. వారిది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. 1916 లో పుట్టినవారగుటచే ముప్పది యేండ్లకు పైగా నిజాము ప్రజ, పుట్టు ముల్కీ. వ్రాసినపుడు వారు విశాఖపట్టణమున ఖజానా అధికారి. చిన్ననాడు వారికి పరరాజ్యమైన చోటది. వ్రాసినది తెలుగులో. అందు ప్రభువు లేడు, దేవత లేదు. దేశమును దేశప్రజలును తోబుట్టువులును పెద్దలును గలరు. 1965 నుండి దేశమంతట బడులలో, పలుభాషలలోనికి మారి, అది వినబడుచున్నది. పాఠ్యపుస్తకముల మొదటి పుటలో అచ్చగుచుండిన ఆ వాక్యముల క్రింద మాత్రము చిరకాలము వ్రాసినవారి పేరు లేదు. 1988 లో వారు కన్నుమూయునాటికి తమ బడిలో ప్రతిదినము దానిని వల్లించుచుండిన పిల్లలు లక్షలసంఖ్యలో నుండిరి. ఆ మాటలు నల్లగొండ మనిషివని వారిలో ఎందరికో తెలియదు.