జేపెగ్ మింగిన వివరాలు తిరిగొస్తాయా?

వాట్సాప్‌లో పది చేతులు మారిన పెళ్ళి ఫోటోని కాస్త పెద్దది చేసి చూడండి. పట్టుచీర అంచు దగ్గర చిన్న చిన్న గళ్ళు, బేనర్ మీద అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు. ఆ గళ్ళకో చరిత్ర ఉంది.

బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ 1972లో కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ మీద పని చేస్తానని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని నిధులడిగితే ఇవ్వలేదు. ఐడియా మరీ సింపుల్‌గా ఉందని ఒక రివ్యూయర్ అభ్యంతరం! (కోడ్ రివ్యూల్లో మనకి తెలిసిన బాధే లెండి.) ఆయన వదల్లేదు. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పేపరు వేశారు. 1992 నాటి జేపెగ్ స్టాండర్డు దాని మీదే నిలబడింది. బొమ్మని 8×8 గళ్ళుగా కోసి, ఒక్కో గడినీ 64 అంకెలుగా మార్చి, వాటిని ఒక టేబుల్‌తో భాగించి రౌండ్ చేస్తారు. కిటుకంతా ఆ రౌండింగులోనే. సన్నటి వివరాలు చాలావరకు సున్నాలైపోతాయి. అది అంతకుముందు 3ఆ, మైనస్ 4ఆ అని ఆ ఫైలుని ఎంత బతిమాలినా చెప్పదు.

తర్వాత చాలా ఏళ్ళు దీనికి మందు గళ్ళ అంచుల్ని నునుపు చెయ్యడమే. 2015లో హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీలో చావ్ డాంగ్ బృందం ఏఆర్‌-సీఎన్ఎన్ అని నాలుగే లేయర్ల నెట్‌వర్క్ చేసింది. మంచి బొమ్మల్ని కావాలనే జేపెగ్‌తో చెడగొట్టి, చెడిందీ మంచిదీ జంటగా చూపించి నేర్పారు. 2017లో ఫ్లోరెన్స్ యూనివర్సిటీవాళ్ళు గాన్ వాడారు. అప్పట్నుంచి జుట్టు, గడ్డి, నేత పోగులు నెట్‌వర్కే గీసిపెడుతోంది. చూడ్డానికి భలే ఉంటాయి, కానీ గీసినవేగా!

నా పేచీ ఇక్కడే. 2013లో కొన్ని జిరాక్స్ స్కానర్లు 6ని 8గా మార్చేస్తున్నాయని డేవిడ్ క్రీజెల్ బయటపెట్టాడు. అందులో డీప్ లెర్నింగ్ లేదు, ఒకేలా కనిపించే ఆకారాల్ని ఒకటిగా కట్టేసే కంప్రెషన్ అంతే. మసకగా ఉంటే మనిషి అనుమానిస్తాడు. స్పష్టంగా ఉన్న తప్పుని ఎవడు అనుమానిస్తాడు?

తెలుగులో ఇది ఇంకా ప్రమాదం. 'ప'కీ 'ఫ'కీ తేడా కింద చిన్న గీత. పాత వైద్యగ్రంథంలో పలం అంటే తూకం, ఫలం అంటే పండు. స్కాన్‌లో మసకబారిన ఆ గీతని నెట్‌వర్క్ మచ్చనుకుని తుడిచేస్తే? మచ్చనే గీత చేస్తే? పాత పుస్తకాలు డిజిటైజ్ చేస్తున్న మిత్రులూ, శుభ్రం చేసిన కాపీ ఎంత బావున్నా సరే, పక్కనే ఆ మురికి స్కాన్ కూడా ఉంచండి బాబూ.