కూల్చినవి ఎన్ని? కూలినవి ఎన్ని? 1942 ఏప్రిల్ లెక్క

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం మన కోస్తా గడప తొక్కిన రోజు అది. దానికి ముందు రోజే, ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం పూట, కొలంబో మీద పెద్ద గగనతల యుద్ధం జరిగింది. ఈరోజు నేను చెప్పేది ఆ యుద్ధం లెక్కల గురించి.

అడ్మిరల్ నగుమో నౌకల నుంచి వందకు పైగా విమానాలు కొలంబో మీదకు వచ్చాయి. బ్రిటిష్ హరికేన్లు, ఫుల్మార్లు వాటికి ఎదురెళ్లాయి. పోరు ముగిశాక ఎవరి లెక్క వాళ్లు రాసుకున్నారు. 21 శత్రు విమానాలు కూలాయని చర్చిల్ తన పుస్తకంలో రాశాడు. జపాన్ రికార్డుల్లో ఆ రోజు పోయినవి 7 మాత్రమే. పోనీ జపాన్ వాళ్లు సరిగ్గా చెప్పారా అంటే, అదీ లేదు. 40కి పైగా కూల్చామన్నారు. బ్రిటిష్ వాళ్ల సొంత లెక్కలో పోయినవి పాతిక దాకా.

మరి ఇద్దరూ అబద్ధాలాడారా? అన్నిసార్లూ కాదండీ. మన గుంటూరు మిర్చి యార్డు ఉదాహరణే తీసుకుందాం. ముగ్గురు అన్నదమ్ములు కలిసి పది టిక్కీలు తెచ్చారు. ఇంటికొచ్చాక ఒక్కొక్కడూ "పది టిక్కీలు నేనే అమ్మా" అన్నాడు. వినేవాడికి ముప్పై అయ్యాయి. కాటా చీటీలో ఉన్నది మాత్రం పదే. ఆకాశంలోనూ ఇదే జరుగుతుంది. ఒకే విమానం మీద ముగ్గురు పైలట్లు కాల్పులు జరుపుతారు. అది పొగ వదులుతూ మబ్బుల్లోకి దూరుతుంది. ముగ్గురూ "నేనే కూల్చా" అని రిపోర్టు ఇస్తారు. అది దెబ్బలతోనే తిరిగి నౌక మీద దిగిందని వాళ్లకెలా తెలుస్తుంది? వెనక్కి తిరిగి చూసే టైమ్ కూడా ఉండదు, చూస్తూ కూర్చుంటే తన ప్రాణమే పోతుంది.

అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఎవరి నష్టం వాళ్ల పుస్తకంలోనే వెతకాలి. విమానం పోతే దాని నంబరు కొట్టేయాలి, కొత్తది అడగాలి, పైలట్ ఇంటికి కబురు పంపాలి. ఇన్ని కాగితాలను దాచడం కష్టం. అలాగని కళ్లు మూసుకుని నమ్మకూడదు. నేల మీద కాలిపోయినవి, ప్రమాదంలో పోయినవి, దిగాక పనికిరాకుండా పోయినవి ఏ ఖాతాలో రాశారో చూడాలి. ఆ తర్వాతే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాలి. తేదీ, టైమ్, చోటు కలవాలి.

ఇదంతా ఎందుకంటారా? 1965 సెప్టెంబర్ 7న స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య తన మిస్టేర్ విమానంలో పాకిస్తాన్‌లోని సర్గోధా దాడికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆయనకు ఏమైందో మన వైపు ఎవరికీ తెలియదు. అవతలి వైపు అదే రోజు ఒక స్టార్‌ఫైటర్ పోయింది, దాని పైలట్ పారాచూట్‌తో బతికాడు. 1979లో జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత పాకిస్తాన్ వైమానిక దళం గురించి పుస్తకం రాశాడు. ఆ స్టార్‌ఫైటర్ ఒక మిస్టేర్‌తో పోరాడుతూ కూలిందని అందులో ఉంది. మన పుస్తకంలో లేని సగం అక్కడ దొరికింది. 1988లో దేవయ్యకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అంటే 23 ఏళ్లు, ఒక మనిషి చివరి పోరాటం శత్రువు కాగితాల్లోనే ఉండిపోయింది.

కాబట్టి ఈసారి "మనవాళ్లు ఇన్ని కూల్చారు" అని ఫార్వర్డ్ వస్తే, పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది కూల్చామన్నవాడి లెక్కా, పోగొట్టుకున్నవాడి లెక్కా? గెలుపు లెక్క పెంచితే మనకు కాసేపు సంతోషం. కానీ పోయినవాళ్ల లెక్క తప్పితే, వాళ్ల ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.