నివేదికలు - నిషేధాజ్ఞలు



నా చిన్ననాట మా గ్రామమున చెరువుకట్ట మరమ్మతునకై ప్రోగుచేసిన చందాల లెక్కలలో తేడా వచ్చినదని గొప్ప అలజడి చెలరేగెను. ముగ్గురు పెద్దలు పది దినములు విచారించి, తాము కనుగొనిన సంగతులను వ్రాసి, రచ్చబండకడ చదువుటకు ఒక దినము నిర్ణయించిరి. ఆ దినమున లెక్కలు చూచిన ఆసామి వచ్చి, "నా మాట పూర్తిగా వినలేదు; ఆ కాగితము చదువుటకు వీలులేదు" అని పట్టుబట్టెను. పెద్దలు మొగమాటపడి కాగితమును మడిచి పెట్టెలో పెట్టిరి. మరల అది వెలికి రాలేదు. అతడు దోషియో నిర్దోషియో ఎవరికిని తెలియదు. కాని అతని మనుమలను సైతము ఊరు అనుమానముతోనే చూచుచుండెను. విచారణ ఫలితమును దాచుటవలన దోషికి మేలు కలుగునేమో కాని, నిర్దోషికి అంతకంటె కీడు లేదని నాకు చాలకాలమునకు గాని బోధపడలేదు.

ఇట్టి కలహమే దక్షిణాఫ్రికా దేశమున మిక్కిలి పెద్ద ఎత్తున నడచినది. ఆ చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆ దేశపు నేటాలు ప్రాంతము మనవారు ఎరుగనిది కాదు. 1860 మొదలుకొని అచ్చటి చెరకుతోటలలో కూలికై మదరాసు రేవున ఓడనెక్కినవారిలో తెలుగువారును గలరు. ఆ ప్రాంతముననే ఎన్‌కాండ్లా అనుచోట, 2009లో దేశాధ్యక్షుడైన జేకబ్ జూమా స్వగృహము కలదు. భద్రతకొరకని చెప్పి ప్రభుత్వధనముతో ఆ యింట పెక్కు కట్టడములు జరిగెను. వ్యయము 24 కోట్ల 60 లక్షల రాండ్లు కాగలదని అంచనా. రాండు అచ్చటి నాణెము. ఈతకొలనును, పశువులదొడ్డియు, కోళ్లసాలయు సైతము ఆ పద్దులో చేరినవి.

ఆ దేశపు 1996 నాటి రాజ్యాంగమున ప్రజారక్షకాధికారి యను పదవి కలదు. ప్రభుత్వోద్యోగుల అక్రమములను విచారించి నివేదిక వ్రాయుట ఆ యధికారి విధి. పదవీకాలము ఏడేండ్లు, రెండవమారు నియామకము లేదు. 2009 మొదలు 2016 వరకు థూలి మడోన్సెలా అను న్యాయవాదిని ఆ పదవియందుండెను. ఆమె ఎన్‌కాండ్లా వ్యయమును విచారించి, 2013లో ముసాయిదా నివేదికను సంబంధితులకు పంపబోవుచుండగా, భద్రతాశాఖల మంత్రులు ప్రిటోరియా హైకోర్టున నిషేధాజ్ఞ కోరిరి. దీనినే మన కచేరీలలో ఇంజంక్షను అందురు. నవంబరు నెలలోనే వారు తమ దావాను తామే విరమించుకొనిరి. 2014 మార్చిలో నివేదిక వెలువడెను. 2016 మార్చి 31వ తేదీన రాజ్యాంగ న్యాయస్థానము ఆ నివేదికలోని ఉత్తరువులు అధ్యక్షుని సైతము బంధించునని తీర్పు చెప్పెను. పిదప జూమా 78 లక్షల రాండ్లు ఖజానాకు చెల్లింపవలసివచ్చెను.

ఆ సంవత్సరముననే రెండవ వివాదము పుట్టెను. మన దేశమునందలి సహారన్‌పూరునుండి వలసపోయిన గుప్తా సోదరులను వర్తకులు అచ్చటి మంత్రుల నియామకములందు సైతము చేయిపెట్టుచున్నారని ఆరోపణ వచ్చినది. ఆర్థిక ఉపమంత్రి మెబిసి జోనాస్, వారు తనకు ఆర్థికమంత్రి పదవి ఇప్పింతుమని చెప్పిరని బహిరంగముగా ప్రకటించెను. వారు అది కల్ల యనిరి. మడోన్సెలా విచారణ ప్రారంభించి, అక్టోబరు 6వ తేదీన అధ్యక్షుని కలిసి ప్రశ్నించెను. ఆయన తనకు వ్యవధి చాలదనెను.

ఇచ్చట తేదీలను గమనింపుడు. ఆమె పదవిలో కడపటి పనిదినము అక్టోబరు 14. నివేదిక ఆ దినమున వెలువడవలసియుండెను. ముందునాడు, 13వ తేదీన, జూమా నిషేధాజ్ఞకై హైకోర్టు నాశ్రయించెను. సాక్షులను ప్రశ్నించుటకును, సమాధానము చెప్పుకొనుటకును తనకు తగిన అవకాశము కలుగలేదని ఆయన వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. వినక నిందించుట న్యాయము కాదు. కాని అధికారి మారినచో నివేదిక గతి యేమగునో ఎవరు చెప్పగలరు? మడోన్సెలా ప్రకటన మాని, 14వ తేదీన నివేదికపై సంతకము చేసి, భద్రపరచుటకై శాసనసభ సభాపతికి పంపి, పదవినుండి తొలగెను. కోర్టును ధిక్కరింపలేదు, పనిని అసంపూర్ణముగను విడువలేదు.

నవంబరు 1వ తేదీన విచారణ మొదలయ్యెను. మరునాడే జూమా తన కోరికను ఉపసంహరించుకొనెను. ఆ సాయంకాలము 5 గంటలలోపల నివేదికను ప్రకటింపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 355 పుటల నివేదిక ప్రజల చేతికి వచ్చెను. అందలి ఉత్తరువు ననుసరించి 2018లో న్యాయమూర్తి జోండో అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడి, 2022 వరకు సాక్ష్యములు వినుటయు, సంపుటములు వెలువరించుటయు జరిగినది. 2018 ఫిబ్రవరి 14న జూమా పదవిని వదలుకొనెను.

రెండు పర్యాయములును దావా వేసినవారే వెనుదీసిరి. దీనినిబట్టి నాకు తోచునది యేమనగా, ఇట్టి వ్యాజ్యములలో పలుమారు కోరబడునది తీర్పు కాదు, కాలము. వాయిదాపై వాయిదా పడుచుండగా అధికారి మారును, సాక్షి చనిపోవును, జనులు మరతురు.

మన దేశమునను ఈ రెండు ధర్మములకును చట్టమున తావు కలదు. 1952 నాటి విచారణ సంఘముల చట్టమునకు 1971లో చేర్చిన నిబంధనలలో ఒకటి, ఎవని పేరుప్రతిష్ఠలకు భంగము కలుగునో వానికి చెప్పుకొను అవకాశ మీయవలెనని విధించుచున్నది. మరియొకటి, నివేదిక అందిన ఆరు మాసములలోపల, తీసికొనిన చర్యలను దెలుపు పత్రముతో కూడ దానిని చట్టసభ ముందుంచవలెనని శాసించుచున్నది. వినుట మొదటి ధర్మము, వినిపించుట రెండవది. మొదటిదానిని సాకుగా జేసి రెండవదానిని చంపరాదు. నివేదిక తీర్పు కాదు గదా! అది తప్పైనచో తప్పని నిరూపించుటకు న్యాయస్థానపు ద్వారములు ఆ పిదపను తెరచియే యుండును.

గ్రామములలో తగవులు విచారించు పెద్దలు మీలో అనేకులు గలరు. మీకు నేను చేయు మనవి ఒక్కటే. ఆసామి, నా మాట వినలేదనినచో కూర్చుండబెట్టి వినుడు. అతడు చెప్పినది మీ కాగితము క్రిందనే వ్రాయుడు. పిదప రెండును కలిపి రచ్చబండకడ బిగ్గరగా చదువుడు. మా యూరి పెద్దలు ఆనాడట్లు చేసియుండిన, ఆ ముసలివాని మనుమలు తలయెత్తుకొని తిరిగియుందురేమో!