గడ్డి కోసే ఇంజిన్‌కు ఎన్ని పళ్లు?

అమెరికాలోని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1953లో అల్యూమినియం పోతతో తేలికపాటి ఇంజిన్ తెచ్చింది. దాని పని గడ్డి కోయడం. కానీ అలాంటి చిన్న ఇంజిన్లు చవకగా దొరికేసరికి, షెడ్డులో పైపులు వంచి వెల్డింగు చేసుకోగలిగిన వాళ్ల కన్ను వాటి మీద పడింది. 1960లలో అక్కడి పిల్లలను ఊపేసిన మినీ బైకు పుట్టుక అదే.

చిట్టి బండి అప్పటికి కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాట్రూపర్ల కోసం చేసిన వెల్‌బైకు 98 సీసీ విలియర్స్ ఇంజిన్‌తో, ఒకే ఒక్క గేరుతో నడిచేది.

పెరటి మినీ బైకుకూ గేరుబాక్సు లేదు. ఇంజిన్ వేగాన్ని గవర్నర్ అనే నియంత్రకం నిమిషానికి 3600 చుట్ల దగ్గర ఆపేస్తుంది. ఇక మిగిలిందల్లా చైను తిరిగే పళ్ల చక్రాల్లో ముందు, ఇంజిన్ వైపు దానికి ఎన్ని పళ్లు, వెనక, టైరు వైపు దానికి ఎన్ని అన్న లెక్కే. ముందు 10, వెనక 60 ఉంటే ఇంజిన్ ఆరు చుట్లు తిరిగినప్పుడు టైరు ఒక్క చుట్టు తిరుగుతుంది. 13 అంగుళాల టైరు మీద అది గంటకు సుమారు 37 కిలోమీటర్లు. ముందు 12 పళ్లు వేస్తే 45 దాకా లాగొచ్చు.

కుర్రాళ్లకు ఆ 45 మీదే మోజు. అసలు చిక్కు కింది వేగంలో ఉంది. ఇంజిన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ 2000 చుట్ల దగ్గర పూర్తిగా పట్టుకుంటుందనుకుంటే, మొదటి బండి 20 కిలోమీటర్లు దాటగానే జారుడు మానేస్తుంది. రెండోది 25 దాకా జారుతూనే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువైన మనిషి కూర్చుంటే ఆ జారుడులోనే క్లచ్ మాడిపోతుంది. అందుకే, కాగితం మీద ఎంత నిదానంగా కనిపించినా, ఆరుకు ఒకటి అన్న నిష్పత్తే తెలివైన బేరం.

అలాగని వెనక పళ్లు ఇష్టమొచ్చినన్ని పెంచడానికీ లేదు. 35 నంబరు చైనుకు సరిపడే 60 పళ్ల చక్రమే ఏడు అంగుళాల పైమాట. 96 పళ్లదైతే పదకొండున్నర, 13 అంగుళాల టైరు పక్కన దాదాపు నేలను తాకేలా ఉంటుంది. వేగాన్ని ఇంకా దించాలనుకున్నవాళ్లు మధ్యలో జాక్‌షాఫ్ట్ అనే అదనపు ఇరుసు పెట్టి, తగ్గింపును రెండు చైన్లకు పంచేవారు.

రెండో దారి బెల్టు. కాలిఫోర్నియాలో సాల్స్‌బరీ స్కూటర్లు 1930ల చివరిలోనే, వేగాన్ని బట్టి వ్యాసం మార్చుకునే కప్పీలు వాడాయి. అదే సూత్రం టార్క్ కన్వర్టర్ పేరుతో మినీ బైకులకు వచ్చింది: బయలుదేరేటప్పుడు ఎత్తుకు తగిన నిష్పత్తి, వేగం అందుకున్నాక చదునుకు తగినది. ధర మాత్రం సాదా క్లచ్ కంటే బాగా ఎక్కువ.