సవర్‌డో: ఒక చలికాలం గడిపినవారికి పెట్టిన పేరు

ప్రత్యేక సంచిక కోసం సర్వీసు అనుభవం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను ఒక ఇంగ్లీషు మాట చరిత్రతో మొదలుపెడుతున్నాను. నా అనుభవం చివరలో వస్తుంది. అంతవరకు ఓపిక పట్టమని మనవి.

ఈమధ్య మా మనవరాలు బేకరీ నుంచి ఒక రొట్టె తెచ్చింది. పొట్లం మీద 'సవర్‌డో' అని ఉంది. పులిసిన పిండి అని అర్థం. బజారులో అమ్మే ఈస్టు వాడకుండా, ముందటి పులిసిన పిండిలో కొంచెం దాచి కొత్త పిండిలో కలుపుతారు. మనం పాలకు తోడు వేసినట్టే. నిఘంటువు తిరగేస్తే ఆ మాటకు ఇంకొక అర్థం కూడా కనిపించింది: అలాస్కా, యూకాన్ ప్రాంతాల్లో చలికాలమంతా గడిపి నిలబడిన మనిషి. రొట్టె పిండి పేరు మనిషికెలా వచ్చిందని ఆశ్చర్యపోయి, నాలుగు పుస్తకాలు చదివాను.

కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ ప్రాంతంలో, క్లాండైక్ నదిలో కలిసే ఒక చిన్న వాగులో 1896 ఆగస్టులో బంగారం దొరికింది. మరుసటి ఏడాది జూలైలో ఆ బంగారంతో ఓడలు శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్ రేవులకు చేరేసరికి జనానికి పిచ్చెత్తినంత పనైంది. గుమాస్తాలు, దుకాణదారులు, ఉపాధ్యాయులు ఉద్యోగాలు వదిలి బయలుదేరారు. సుమారు లక్షమంది బయలుదేరితే, గమ్యం చేరినవారు 30 నుంచి 40 వేలమంది అని అంచనా. తిండి లేక చావకుండా, మనిషికి ఏడాది సరిపడా సామాను ఉంటేనే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చారు. అంటే దాదాపు ఒక టన్ను బరువు. చాలామంది చిల్‌కూట్ కనుమ మీదుగా దాన్ని మూటలు మూటలుగా వీపున మోసుకుంటూ, ఎన్నోసార్లు ఎక్కి దిగారు.

అంత కష్టపడి డాసన్ పట్టణం చేరినవారికి అసలు పరీక్ష చలికాలంలో ఎదురైంది. యూకాన్ నది శరదృతువులో గడ్డకడితే మళ్ళీ మే నెల వరకు కరగదు. పడవలు రావు. గుడిసెలో ఉన్నదే తిండి. ఉష్ణోగ్రత మైనస్ 40కి పడిపోతుంది. ఆ అంకె దగ్గర సెంటీగ్రేడు, ఫారన్‌హీటు రెండూ ఒకటే. అలాంటి చోట రొట్టెకు ఆధారం పులిసిన పిండి ముంతే. అది గడ్డకట్టకుండా పొయ్యి దగ్గర ఉంచేవారు. గట్టి చలి రాత్రుల్లో పక్కలో పెట్టుకుని పడుకునేవారు. ఆ ముంతను కాపాడుకుంటూ చలికాలం గట్టెక్కిన మనిషికి చివరికి ఆ పిండి పేరే స్థిరపడింది.

కొత్తగా వచ్చినవాడిని 'చీచాకో' అనేవారు. అది పసిఫిక్ తీరపు వర్తకులూ స్థానికులూ మాట్లాడుకున్న చినూక్ మిశ్రమ భాషలోని మాట. 'చీ' అంటే కొత్త, 'చాకో' అంటే రావడం. నది గడ్డకట్టడం చూసి, వసంతంలో ఆ మంచు పగలడం కూడా చూస్తే చీచాకో సవర్‌డో అవుతాడు. బంగారం దొరికిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. నిలబడ్డాడా లేదా అన్నదే లెక్క.

ఈ మాటను లోకమంతా ఎరిగేలా చేసినవాడు రాబర్ట్ సర్వీస్ అనే బ్యాంకు ఉద్యోగి. మనలాగే బదిలీ మీద, 1904లో, యూకాన్‌లోని వైట్‌హార్స్ శాఖకు వెళ్ళాడు. అప్పటికి బంగారపు వేట సద్దుమణిగింది. 1907లో వచ్చిన అతని పద్యాల పుస్తకం పేరులోనే సవర్‌డో ఉంది. అది ఎంతగా అమ్ముడుపోయిందంటే, 1909లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు.

ఇంతవరకు చదివి సంతోషించాను. తరువాత ఒక సందేహం వచ్చింది. ఒక్క చలికాలం గడిపినవాడికి బిరుదు ఇచ్చారు సరే, తరతరాలుగా అక్కడే బతుకుతున్నవారి మాటేమిటి? క్లాండైక్ నది కలిసే చోట హాన్ ప్రజల చేపల వేట మకాం ఉండేది. క్లాండైక్ అన్న పేరు కూడా వారి భాషలోని 'ట్రాండెక్' నుంచి వచ్చిందే. జనం వెల్లువలా వచ్చి పడటంతో, 1897లో వారి పెద్ద చీఫ్ ఐజాక్ తన వారిని దిగువనున్న మూస్‌హైడ్‌కు తరలించవలసి వచ్చింది. ఎన్ని చలికాలాలు గడిపినా వారి ఓర్పును అప్పట్లో ఎవరూ బిరుదుగా లెక్కించలేదు. 2023లో యునెస్కో 'ట్రాండెక్-క్లాండైక్' పేరుతో ఆ ప్రదేశాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మాత్రం వారి పేరు ముందుకు వచ్చింది.

ఇక నా అనుభవం. 1971లో నా తొలి పోస్టింగు విశాఖ ఏజెన్సీలో, చింతపల్లి వైపు. మైదానంలో పుట్టినవాణ్ణి, ఆ చలి ఎరగను. డిసెంబరులో జ్వరం పట్టుకుంది. మా ఆఫీసు అటెండరు ఆ కొండల్లో పుట్టిన పెద్దాయన. పది రాత్రులు నా గదిలోనే నెగడు వేసి కూర్చున్నాడు. పొద్దున్నే పులిసిన చోడి అంబలి వెచ్చచేసి, "తాగండి బాబూ, చలి ఆగుతుంది" అని పట్టించేవాడు. నేను ఆ చలికాలం దాటానంటే ఆయన చలవే.

ఏడాదిన్నరకు బదిలీ అయ్యింది. వీడ్కోలు సభలో, ఏజెన్సీలో నెగ్గుకొచ్చానని నన్ను పొగిడి దండలు వేశారు. ఆ కుర్చీలు వేసింది, టీ అందించింది ఆ అటెండరే. ఆయనకు ఒక్క దండ వేయాలని అక్కడున్న ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. తరువాత ఉత్తరం వ్రాద్దామనుకుంటూనే సంవత్సరాలు గడిపేశాను. ఆయన పోయారని తెలిసేసరికి నేనూ రిటైరయ్యాను.

మిత్రులారా, మన అందరి సర్వీసులోనూ ఇలాంటి వారు ఒకరైనా ఉంటారు. వారు బతికి ఉంటే ఈ సంచిక మూసేలోగా ఒక కార్డు ముక్క వ్రాయండి, లేదా ఫోను చేయండి. నాలా ఆలస్యం చేయకండి.