మన్రో దొర కథలో రెండు సగాలు

మంత్రాలయం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకు మన్రో దొర కథ ఒకరు నేర్పేది కాదు. అన్నం ముద్దలతో పాటు లోపలికి వెళ్ళిపోతుంది. మా అవ్వ చెప్పేది ఇలా ఉండేది.

కుంఫిణీ వాళ్ళు మఠం ఊరిని వెనక్కి తీసుకుందామనుకున్నారంట. విచారణకు మన్రో దొరను పంపినారంట. దొర వచ్చి, టోపీ తీసి, బూట్లు విప్పి, లోపలికి పోయినాడంట. బృందావనం ముందర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడంట. పక్కనున్నోళ్ళకు దొర మాటలే వినపడుతున్నాయి, ఎదుట మనిషి లేడు. కాసేపటికి దొర దండం పెట్టి బయటికొచ్చి, "స్వామితో మాట్లాడినాను, ఈ ఊరు మఠానిదే" అన్నాడంట. స్వామి ఇచ్చిన మంత్రాక్షతలు తీసుకుపోయి వంటలో కలిపించుకుని తిన్నాడంట.

అవ్వకు చదువు రాదు. ఆ దొర ఎక్కడివాడు, ఎప్పటివాడు అని అడిగితే "సీమదొర" అనేది, అంతే. నేను కూడా పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళకు ఇదే కథ ఇలాగే చెప్పేదాకా ఇంకేమీ వెతకలేదు.

నిరుడు వేసవి సెలవుల్లో గ్లాస్గోలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాం. బయలుదేరే ముందు పదేళ్ళ మా అబ్బాయి ఎక్కడో చదివి వచ్చి, "అమ్మా, మన మన్రో దొరది గ్లాస్గోనే" అన్నాడు. నిజమే. థామస్ మన్రో 1761 మే 27న ఆ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి వ్యాపారి. అమెరికా వాళ్ళు స్వాతంత్ర్యం కోసం యుద్ధం మొదలుపెట్టేసరికి పొగాకు వ్యాపారం దెబ్బతిని ఆ ఇల్లు అప్పుల్లో పడింది. అందుకే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు 1779లో కుంఫిణీ సైన్యంలో చేరి మద్రాసు ఓడ ఎక్కాడు. ఇంటి అవసరం కోసం కొడుకు దూరదేశం పోవడం మన సీమ ఇళ్ళకు కొత్త కాదు కదా! ఆ మాట తెలిశాక దొర మీద నాకు మొదటిసారి ఇంట్లో మనిషి మీద ఉండేలాంటి జాలి కలిగింది.

గ్లాస్గోలో మేము తిరిగిన చోట్ల మన్రో పేరు మాకు ఎక్కడా కనిపించలేదు. స్కాట్లాండ్‌లో "మన్రో" అంటే కొండ! మూడు వేల అడుగులు దాటిన కొండలను మన్రోలంటారు, మొత్తం 282 ఉన్నాయి. 1891లో వాటి జాబితా ప్రచురించిన హ్యూ మన్రో అనే వేరే ఆయన పేరు అది. మా మరిది ఆదివారం వస్తే ఒక మన్రో ఎక్కి వస్తానని బయలుదేరుతుంటే మా పిల్లలు నవ్వి నవ్వి చచ్చారు.

చెల్లెలు మమ్మల్ని ముందుగా గ్లాస్గో కెథడ్రల్‌కు తీసుకెళ్ళింది. టికెట్ లేదు. బయట జూలైలో కూడా సన్నగా వాన. రాతి స్తంభాల మధ్య నుంచి మెట్లు దిగి కిందికి వెళితే అక్కడ సెయింట్ మంగో సమాధి ఉంది. ఏడో శతాబ్దం మొదట్లో చనిపోయిన సాధువు ఆయన. పూర్వం జనం ఎక్కడెక్కడి నుంచో యాత్రగా ఆ సమాధి దగ్గరికి వచ్చేవారట. నేను చెప్పులు విప్పకుండా అక్కడ నిలబడటానికి కాస్త ఇబ్బంది పడ్డాను. బృందావనం గుర్తొచ్చింది.

ఆ సాధువు కథల్లో ఒకటి వింటే మీరు కూడా ఆశ్చర్యపోతారు. ఒక రాజు తన రాణికిచ్చిన ఉంగరం పోతుంది. చూపించకపోతే ప్రాణం తీస్తానంటాడు. ఆమె మంగోను శరణు కోరితే ఆయన నది నుంచి ఒక చేపను పట్టించి తెప్పిస్తాడు. దాని నోట్లో ఉంగరం! "ఇది మన శకుంతల కథే కదమ్మా" అంది మా పాప. ఆ చేప, ఉంగరం, పక్షి, చెట్టు, గంట అన్నీ ఇప్పుడు గ్లాస్గో నగర చిహ్నంలో ఉన్నాయి.

నాకు నచ్చింది ఏమిటంటే, వాళ్ళు ఆ కథను దాచలేదు, కొట్టిపారేయలేదు. కథ ఇది అని కథగా చెబుతారు. ఈ రాతి కట్టడం ఎక్కువ భాగం పదమూడో శతాబ్దానిది అని చరిత్రను చరిత్రగా చెబుతారు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. పిల్లలు రెండూ వింటారు, ఏది ఏదో వాళ్ళకే తెలిసిపోతుంది.

ఎడిన్‌బరో కోటలోనూ అంతే. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక ఫిరంగి పేలుస్తారు. 1861 నుంచి ఇది ఆనవాయితీ, ఓడలవాళ్ళు గడియారం సరిచేసుకోవడానికి మొదలుపెట్టారట. పిల్లలు చెవులు మూసుకుని గంతులేశారు. నాకు మాత్రం అక్కడున్న చిన్న గుడి మనసులో నిలిచింది. పన్నెండో శతాబ్దంలో ఒక రాజు తన తల్లి మార్గరెట్ పేరున కట్టించినది. ఆ కోటలో ఇప్పుడు నిలిచి ఉన్న కట్టడాల్లో అన్నిటికంటే పాతది అదేనంట. ఇంటి నుంచి తెచ్చిన చిత్రాన్నం ఆ కోట గోడ పక్కన చలిలో వణుకుతూ తిన్నాం.

తిరిగి వచ్చాక నాకు ఒకటే ఆలోచన. అంత దూరం పోయి వాళ్ళ రాళ్ళన్నీ చూశాం. అక్కడ పుట్టిన మనిషి మన నేల మీద తిరిగిన చోట్లు, చివరికి కన్నుమూసిన చోటు మాకు కారులో ఒక్కరోజు దూరం. పిల్లలకు వాటిని ఎప్పుడైనా చూపించామా?

అందుకని దసరా సెలవుల్లో బయలుదేరాం. పొద్దున్నే తుంగభద్రలో స్నానం, ముందు మంచాలమ్మ దర్శనం, తరువాత బృందావనం. మన పద్ధతి అదే కదా. తరువాత ఆదోనిలో ఉగ్గాని, బజ్జి. అక్కడి నుంచి పత్తికొండ, ఆ పైన గుత్తి. దారిలో పిల్లలకు అవ్వ చెప్పని సగం చెప్పుకుంటూ పోయాను.

1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. అందుకే మన సీమను దత్త మండలాలన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. ఆ దత్త మండలాలకు మన్రో మొదటి పెద్ద కలెక్టరు, 1800 నుంచి 1807 దాకా. మంత్రాలయం, అంటే అప్పటి మంచాల, ఆయన చేతికింది ప్రాంతమే. పాత బళ్లారి జిల్లా గెజెటీర్‌లో కూడా ఈ బృందావనం కథకు చోటు దొరికింది. రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం 1671లో. అంటే స్వామి సజీవంగా బృందావనంలో ప్రవేశించిన నూట ముప్పై ఏళ్ళ దాకా గడిచాక దొర ఈ సీమకు వచ్చాడన్నమాట.

ఆ ఏడేళ్ళలో ఆయన ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగి భూములు కొలిపించి, రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతిని పెట్టాడు. మంచివాడని మాత్రమే చెబితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. శిస్తు ఎక్కువగానే వేశారు, పాలెగాళ్ళను అణచివేశారు. ఆయన పనిచేసింది కుంఫిణీ ఖజానా కోసం. కానీ ఇక్కడి రైతు మోయలేడని తనే గ్రహించి, శిస్తులో పాతిక శాతం తగ్గించాలని 1807లో రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక ఆ తగ్గింపు అమలు చేయించాడు. ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

ఆయన సంగతులు మనకు ఇంత బాగా తెలియడానికి ఒక ఆడమనిషి కారణం. ఆయన చెల్లెలు ఎర్‌స్కిన్. గుడారంలో కూర్చుని ఆమెకు పొడవాటి ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాల్లో చాలావాటిని గ్లేగ్ అనే ఆయన 1830లో అచ్చువేసిన మన్రో జీవిత చరిత్రలో చూడవచ్చు. అన్న ఉత్తరాన్ని చదువుకోగలిగిన చెల్లెలు ఉండబట్టే ఆ మాటలు నిలిచాయి.

పత్తికొండ చేరాక కథ బరువెక్కింది. 1826లో మన్రో భార్య జేన్ ఒంట్లో బాగాలేని చిన్న కొడుకును తీసుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. బర్మా యుద్ధం వల్ల ఆయన ఆగిపోయాడు. గిండీ తోటలో ఒంటరిగా నడుస్తూ, ఆ పసివాడి అడుగుల చప్పుడు లేని ఇంటి గురించి ఆమెకు రాసుకున్నాడు. వెళ్ళిపోయే ముందు తన పాత సీమను ఒకసారి చూసి రావాలని 1827 వేసవిలో బయలుదేరాడు. దారిలో కలరా. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు, అరవై ఆరేళ్ళ వయసులో. ఉత్తరం చేరడానికి నెలలు పట్టే రోజులు. ఆయన వస్తాడని ఎదురుచూస్తున్న ఆ తల్లికి, ఆ పిల్లలకు ఎప్పుడు తెలిసిందో! ప్రభుత్వం ఆయన గుర్తుగా అక్కడ ఒక మెట్లబావి తవ్వించి, చెట్ల తోపు వేయించింది. వానలు లేని ఊళ్ళో చనిపోయిన మనిషి పేరున నీళ్ళు, నీడ. ఇంతకంటే మంచి గుర్తు మన సీమలో ఏముంటుంది చెప్పండి.

గుత్తి కోట కింది శ్మశానంలో ఆయన్ను పాతిపెట్టారు. 1831లో ఆ అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తి కోట ఎక్కేవాళ్ళు నీళ్ళు మాత్రం మరవకండి. హైదరలీ ముట్టడిలో మురారిరావు ఈ కోటను వదులుకోవాల్సి వచ్చింది కూడా లోపల నీళ్ళు అయిపోవడం వల్లనే.

కొండ దిగుతుంటే మా అబ్బాయి అడిగాడు. "అమ్మా, దొర నిజంగా స్వామితో మాట్లాడినాడా? ఏ భాషలో మాట్లాడుకున్నారు?" ఏం చెప్పాలి? మన్రోకు పారశీకం, హిందుస్తానీ వచ్చని పుస్తకాల్లో ఉంది. బృందావనం ముందు ఏం జరిగిందో అక్కడ నిలబడ్డవాళ్ళకే తెలియాలి. "అవ్వ నమ్మింది నాన్నా. నాకు అవ్వ చెప్పింది. పుస్తకం చెప్పేది కూడా చెప్పినాను. రెండూ గుర్తుపెట్టుకో" అన్నాను.

అవ్వ దగ్గర సగమే ఎందుకుందో ఆలోచిస్తే నాకు ఒక లెక్క గుర్తొస్తుంది. 1822లో ఇదే మన్రో గవర్నరుగా, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీయమన్నాడు. అప్పుడు మంత్రాలయం ఉన్న బళ్లారి జిల్లాలో తేలింది 533 బడులు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది. జిల్లా మొత్తానికి అరవై!

స్కాట్లాండ్‌లో ఎర్‌స్కిన్ అన్న ఉత్తరాలు చదువుకుంటున్న కాలానికి, ఇక్కడ మన అవ్వల అవ్వలకు అక్షరం లేదు. వాళ్ళ చేతిలో ఉన్నది నోటిమాట ఒక్కటే. దాంతోనే దొర బూట్లు విప్పడం, టోపీ తీయడం, మంత్రాక్షతలు వంటలో కలపడం, ఒక్కటి కూడా జారిపోకుండా మన దాకా తెచ్చారు. వంటలో కలపడం అన్న ముక్కను నిలబెట్టింది ఖచ్చితంగా ఆడవాళ్ళే అయి ఉంటారని నాకు అనిపిస్తుంది!

ఇప్పుడు మనకు చదువు వచ్చు. చేతిలో ఫోనుంది, పుస్తకాలున్నాయి. గ్లాస్గోలో బోర్డు మీద రాసి పెట్టిన పనిని మన దగ్గర తల్లే చేయాలి. కాబట్టి ఈసారి మంత్రాలయం వెళితే దర్శనం, పరిమళ ప్రసాదం అయ్యాక వెంటనే వెనక్కి తిరగకండి. ఒక రోజు కలుపుకుని పత్తికొండ, గుత్తి కూడా పెట్టుకోండి. ఎండ తగ్గే కార్తీకం, మార్గశిరం అయితే పిల్లలకు సులువు. పెరుగన్నం, నీళ్ళు దండిగా పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు అవ్వ కథ చెప్పండి, వచ్చేటప్పుడు పుస్తకం కథ చెప్పండి. మధ్యలో పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, అడగనివ్వండి.